దిగని ప్రయాణికుడు

"చూడండీ, ఇదే ఆఖరి స్టాప్. దిగాలి."

చివరి సీటులో కూర్చున్న అబ్బాయి కిటికీలోంచి బయటికి చూశాడు. స్టేషన్ వచ్చేసింది. తక్కినవాళ్ళందరూ దిగిపోయారు. డ్రైవర్ సీటులోంచి వెనక్కి తిరిగిన అమ్మాయి అతనికేసే చూస్తోంది.

"నేను దిగనండీ. మళ్ళీ వెనక్కి వస్తాను."

"వెనక్కి అంటే ఎక్కడికి?"

"మీరు ఎక్కడికి వెళ్తే అక్కడికి."

నోరు జారాక గానీ ఆ మాట ఎలా వినిపిస్తుందో అతనికి తట్టలేదు. చెవులు ఎర్రబడ్డాయి. అమ్మాయి కనుబొమలు టోపీ అంచు దాకా లేచాయి.

"నేను సాయంత్రం దాకా ఇదే రోడ్డు మీద తిరుగుతాను. గుట్ట పైకి, మళ్ళీ కిందికి. మీరూ అంతేనా?"

"అంతేనండీ."

"ఎందుకో?"

"ఊరికే. గాలి బావుంది."

"ఇది ఏసీ బస్సు. కిటికీలు తెరుచుకోవు."

అమ్మాయి ఇంకో ప్రశ్న వేసేదే, కానీ బయలుదేరే టైమైంది. తలుపు మూసి, ఎదురుగా ఉన్న అద్దంలో అతణ్ణి ఓసారి చూసి, బండి కదిలించింది. ఆ అద్దంలోకి ఆ రోజు ఇంకా చాలాసార్లు చూసింది. ప్రయాణికుల భద్రత కోసం అంటుంది. మనం నమ్మినట్టే ఉందాం.

ఆ పేట గురించి ఒక మాట చెప్పాలి. ఇళ్ళు అమ్మేవాళ్ళ ప్రకటనల్లో దాని గురించి ఎప్పుడూ ఒకటే రాస్తారు, 'అన్నీ దగ్గరే' అని. అబద్ధమేమీ కాదు. బడి దగ్గరే, క్లినిక్ దగ్గరే, లైబ్రరీ, మార్కెట్, పార్కు, రైలు స్టేషన్ అన్నీ దగ్గరే. కాకపోతే ఇళ్ళన్నీ గుట్ట మీద, తక్కినవన్నీ గుట్ట కింద. దిగేటప్పుడు పక్కనే ఉన్న మార్కెట్టు, రెండు చేతుల్లో సంచులతో ఎక్కేటప్పుడు ఎంత దూరమో ఇల్లు కొన్నాక గానీ ఎవరికీ తెలియదు. ఆ ప్రకటన పరువు నిలబెడుతున్నది గుట్ట చుట్టూ తిరిగే ఈ చిన్న బస్సే. అందరూ దాన్ని లూప్ బండి అంటారు.

ఇక అబ్బాయి రహస్యం. మీకు మాత్రమే చెబుతున్నాను, పైకి అనకండి. అతను రవాణా ఆఫీసులో కొత్తగా చేరిన సర్వే ఉద్యోగి. లూప్ బండిలో పెద్దవాళ్ళకీ పిల్లలకీ టికెట్ లేదు, మిగతావాళ్ళలో చాలామందికి నెల పాసులు. అందుకని ఎంతమంది ఎక్కుతున్నారో తెలియాలంటే ఓ మనిషి కూర్చుని లెక్కపెట్టాల్సిందే. జనం సరిపడా ఉంటే బండి ఉంటుంది. లేకపోతే తీసేస్తారు, డ్రైవర్‌ని ఊరికి అవతలి చివర ఉన్న డిపోకి పంపేస్తారు. ఈ సంగతి లెక్కపెట్టేవాడు ఎవరికీ చెప్పకూడదు. చెబితే చుట్టాలందర్నీ పిలిపించి మరీ ఎక్కిస్తారని ఆఫీసు వాళ్ళ అనుభవం.

అందుకే అతను ఒక చెయ్యి ఎప్పుడూ జేబులో పెట్టుకునేవాడు. అందులో గుప్పిట్లో ఇమిడే చిన్న లెక్క మీట. ఒకరు ఎక్కితే ఒక నొక్కు.

మర్నాడు స్టేషన్ దగ్గర బండి ఆగీ ఆగకముందే విచారణ మొదలైంది.

"ఆ టిక్కు టిక్కు ఏమిటండీ?"

"వేళ్ళు విరుచుకుంటున్నానండీ. అలవాటు."

"ఎవరైనా మెకానిక్‌కి చూపించండి. గేరు పడుతున్నట్టు వినిపిస్తోంది."

"సరేనండీ."

"మీకు ఇల్లూ వాకిలీ లేవా?"

"ఉన్నాయండీ. అమ్మా నాన్నా ఉన్నారు."

"మీరిలా తిరుగుతున్నట్టు వాళ్ళకి తెలుసా?"

"అమ్మకి తెలుసు. క్యారియర్ కట్టి పంపుతుంది."

"పాపం," అంది ఆ అమ్మాయి. ఎవర్ని చూసి జాలిపడిందో అతనికి అర్థం కాలేదు.

నిజానికి కుతూహలం ఒక పక్కనే లేదు. లెక్కపెట్టడానికి వచ్చినవాడికి మనుషుల తలలు తప్ప ఇంకేం కనిపించకూడదు. కానీ చివరి సీటులోంచి అతనికి డ్రైవరమ్మాయి చెవి వెనక జుట్టూ, అద్దంలో రెండు కళ్ళూ, మలుపు తిరిగేటప్పుడు పెదవి కొసన వచ్చే చిన్న విరుపూ కనిపించేవి. ఓ మధ్యాహ్నం ధైర్యం చేసి తనే అడిగాడు.

"ఆ పసుపు గేటు ఇంటి ముందు స్టాప్ లేదు కదండీ. అక్కడ ఎందుకు ఆపుతున్నారు?"

"ఆపను. నెమ్మది చేస్తాను. ఆ ఇంటి పిల్లి రోడ్డు మధ్యలో పడుకుంటుంది."

"హారన్ కొడితే లేవదా?"

"లేస్తుంది. లేచి నా వంక ఒక చూపు చూస్తుంది చూడండి, ఆ రోజంతా మనసు బాగుండదు."

అతను నవ్వాడు. ఆ నవ్వు అద్దంలో ఆమెకి నచ్చింది. ఆ పూట ఆమె గురించి ఇంకొన్ని సంగతులు తెలిశాయి. అంతకుముందు హైవే మీద పెద్ద బస్సులు నడిపేది. వాళ్ళ నాన్నగారికి మోకాళ్ళు పాడయ్యాక, ఇంట్లో ఇంకెవరూ లేక, ఇంటి ముందునుంచి వెళ్ళే బండి కావాలని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఈ లూప్ సంపాదించుకుంది. నాన్నగారు రోజూ ఇదే బండిలో క్లినిక్‌కి వెళ్ళి కాళ్ళకి వ్యాయామం చేయించుకుని వస్తారు.

"హైవే వదిలేసి ఈ బొంగరం తిరుగుడు ఏమిటే అని మా ఫ్రెండ్స్ అందరూ తిట్టారు," అంది. "హైవే మీద ఎవరు ఎక్కారో ఎవరు దిగారో తెలియదండీ. ఇక్కడ ఫలానావాళ్ళు ఈ పూట రాలేదంటే జ్వరమేమోనని బెంగ పట్టుకుంటుంది. ఈ బండి లేకపోతే నాకు తోచదు."

అతని చెయ్యి జేబులో మీట మీద బిగుసుకుంది. ఆమె బండి తన గుప్పిట్లో ఉందన్న ఆలోచన అతనికి ఏమాత్రం నచ్చలేదు.

అయినా భయపడటానికి ఏముంది? జనం బాగానే ఎక్కుతున్నారు. అతను ధీమాగా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే జనం ఎక్కడం మానేశారు.

మొదట మందుల షాపాయన కనిపించలేదు. తర్వాత లైబ్రరీకి వెళ్ళే జంట. తర్వాత బడి పిల్లల తల్లులు. జబ్బు పడ్డారా అంటే అదీ కాదు. అందరూ రోడ్డు పక్కన నడుస్తూ కనిపిస్తున్నారు. చెమటలు కక్కుతూ, సంచులు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంటూ, బస్సు పక్కనుంచి వెళ్తుంటే చెయ్యి ఊపి మరీ నవ్వుతున్నారు. లైబ్రరీ స్టాప్ ఎదురుగా బట్టలు కుట్టే షాపు ఉంది. ఆ షాపు ఆంటీ అయితే గుమ్మంలోకి వచ్చి అతనికి బొటనవేలు ఎత్తి చూపించింది.

"వీళ్ళకి ఏమైందండీ?" అన్నాడు అతను.

"నేనూ అదే చూస్తున్నాను," అంది ఆమె. "అందరికీ ఒక్కసారే ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టింది."

ఆ మరుసటి పూట గుట్ట మధ్యలో ఆమె గబుక్కున బ్రేకు వేసింది. రోడ్డు పక్కన చేతికర్ర పట్టుకుని ఓ పెద్దాయన ఆగి ఆగి నడుస్తున్నారు. ఆమె తలుపు తెరిచింది.

"నాన్నా! ఇదేం పని? ఎక్కు!"

"వద్దమ్మా. నడవమన్నాడు డాక్టరు."

"ఏ డాక్టరు? మెట్లు కూడా ఎక్కొద్దన్నాడుగా ఆయన!"

"మెట్లు వద్దన్నాడు. గుట్ట గురించి ఏమీ అనలేదు. నువ్వెళ్ళు, వెనక బళ్ళు ఆగిపోతాయి."

వెనక బళ్ళేమీ లేవు. ఆయన మాత్రం చివరి సీటు వైపు ఓ చూపు చూసి, ఏదో మంచి పని చేసినవాడిలా తల ఊపుకుంటూ కుంటుకుంటూ సాగిపోయారు. బస్సులో మిగిలింది వాళ్ళిద్దరే. జేబులో మీట నొక్కడానికి ఏమీ లేదు. రోజువారీ లెక్క మాత్రం నియమం ప్రకారం ఆఫీసుకి వెళ్తూనే ఉంది.

వారం తిరక్కముందే వాన మొదలైంది. ఆ రోజు స్టేషన్ దగ్గర బండి ఆపి ఆమె వెనక్కి తిరగలేదు. చాలాసేపు వైపర్లు అటూ ఇటూ ఊగడం చూస్తూ కూర్చుంది.

"ఏమైందండీ?"

"డిపోలో చెప్పారు. ఈ బండి ఎక్కేవాళ్ళు లేరట. తీసేస్తారట. ఎవరో లెక్కపెట్టారట. ఎవరు, ఎప్పుడు లెక్కపెట్టారో తెలియదు. మా నాన్న కూడా నడిచే వెళ్తున్నాడు, ఎందుకో సరిగ్గా చెప్పడు. నా బండే ఎవరికీ అక్కర్లేదేమో."

అతను ఇక ఊరుకోలేకపోయాడు. జేబులోంచి చెయ్యి తీసి, గుప్పిట తెరిచి చూపించాడు.

"లెక్కపెట్టింది నేనేనండీ."

ఆమె ఆ మీటని చూసింది. అతణ్ణి చూసింది. మళ్ళీ మీటని చూసింది.

"అదన్నమాట టిక్కు టిక్కు."

"చెప్పకూడదని రూలండీ. మీకు చెప్పాలని ఎన్నిసార్లు..."

"గాలి బావుందన్నారు."

"అన్నాను."

"మీ అమ్మగారు క్యారియర్ కట్టి పంపేది డ్యూటీకన్నమాట. నేనేమో..." ఆమె ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. ఆ మాట పూర్తి చేస్తే తన మనసులో ఇన్నాళ్ళూ ఏముందో బయటపడిపోతుంది. "మీరు ఈ బండి ఎక్కింది లెక్క కోసమేనా?"

"మొదట లెక్క కోసమే."

"తర్వాత?"

ప్రపంచంలో ఏ అబ్బాయైనా నోరు తెరవాల్సిన ఘడియ అది. మన అబ్బాయి నీళ్ళు నమిలాడు. ఉద్యోగం, రూలు, ఆమె కళ్ళలో నీళ్ళు, అన్నీ ఒకేసారి అడ్డం పడ్డాయి.

"దిగండి," అంది ఆమె.

"బయట వాన..."

"ఇది ఆఖరి స్టాప్."

దిగాడు. గొడుగు లేదు. తడుస్తూ నడిచాడు, ఎటు వెళ్తున్నాడో తనకే తెలియకుండా. కుట్టు షాపు ముందుకి వచ్చేసరికి ఎవరో చెయ్యి పట్టి లోపలికి లాగారు.

"ఏవయ్యా, నీకు బుద్ధుందా?" ఆంటీ నిప్పులు చెరుగుతోంది. "వాన పడుతోంది, బస్సు ఖాళీగా ఉంది, ఇంతకన్నా మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? దిగి నడిచొస్తావా?"

"అవకాశమా? దేనికండీ?"

"దేనికో చెప్పాలా? పేటంతా కాళ్ళరిగేలా నడుస్తున్నది ఎవరి కోసమనుకున్నావ్? పొద్దుట్నించి సాయంత్రం దాకా ఆ పిల్ల వెనక కూర్చుంటావు, ఒక్క మాట పెగలదు. నలుగురి మధ్యా ఏం మాట్లాడతాడు పాపం అని నేనే అందరికీ చెప్పాను. ఇద్దరికీ కాస్త ఏకాంతం ఇద్దాం, కొన్నాళ్ళు బండి ఎక్కకండి అని. వాళ్ళ నాన్న కూడా ఒప్పుకున్నాడు."

అబ్బాయి అక్కడే ఉన్న బట్టల మూట మీద కూలబడ్డాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చినంత పనైంది. ఉన్న విషయమంతా చెప్పేశాడు.

ఆంటీ మెడలో వేలాడుతున్న టేపు రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

"అయ్యో, నా నోరు మండ. బండిని నేనే ముంచేశానా?" అని, అంతలోనే తేరుకుంది. "ఆ మీట ఇలా ఇవ్వు. ఎన్ని కావాలో చెప్పు. ఇప్పుడే నొక్కేస్తాను."

"అలా వద్దండీ."

"ఎవరు చూడొచ్చారు?"

"రేపు ఎవరైనా మళ్ళీ లెక్కపెడితే అబద్ధం బయటపడుతుంది. అప్పుడు బండీ పోతుంది, ఆవిడ పేరూ పోతుంది. మీరు ఒక్క సాయం చెయ్యండి. రేపట్నుంచి అందరూ ఎప్పటిలాగే ఎక్కండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మామూలుగా."

"ఆ పిల్లతో ఏం చెప్పమంటావు?"

"ఏమీ చెప్పకండి. అది నేను చెప్పాల్సింది."

ఆ తడి బట్టలతోనే తిన్నగా ఆఫీసుకి వెళ్ళాడు. సర్వే విభాగం మేడం కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, నీళ్ళు కారుతున్న కుర్రాణ్ణి కింది నుంచి పై దాకా చూసింది.

"లూప్ బండి లెక్క చెడిపోయింది మేడం. మళ్ళీ తీయాలి."

"ఎందుకు చెడింది? నిద్రపోయావా?"

"లేదు మేడం. నా వల్ల జనం ఎక్కడం మానేశారు."

"నీ వల్లా? స్నానం చేసే వెళ్ళావా?"

"చేశాను మేడం. నేను డ్రైవర్‌గారి కోసమే తిరుగుతున్నాననుకున్నారు. మా ఇద్దర్నీ ఒంటరిగా వదిలెయ్యాలని అందరూ నడిచి వెళ్ళారు."

"అందరూనా?"

"కర్ర పట్టుకుని వాళ్ళ నాన్నగారితో సహా."

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ గదిలో పని చేసుకుంటున్న నలుగురైదుగురు చేస్తున్న పని ఆపేశారు.

"చూడబ్బాయ్. జనం ఏదో పుకారు నమ్మి బండి ఎక్కకపోతే దానికి నేనేం చెయ్యలేను. ఎక్కలేదు కాబట్టి ఎక్కలేదు, అంతే. లెక్కపెట్టినవాడి నడవడి వల్లే లెక్క చెడిందంటే మాత్రం మళ్ళీ తీయాలి. అలా రూలుంది. కానీ అప్పుడు ఆ మచ్చ నీ ఉద్యోగం మీద పడుతుంది. ఆలోచించుకుని చెప్పు. ఉత్త పుకారేనా? నీ వైపు నుంచి నిజంగా ఏమైనా ఉందా?"

బస్సులో పెగలని గొంతు అక్కడ పెగిలింది.

"ఉంది మేడం."

"ఏముంది?"

"ప్రేమ మేడం."

ఎవరో పెన్ను కింద పడేసుకున్నారు. మేడం కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"రేపట్నుంచి నువ్వు స్టేషన్ కూడలిలో నిలబడి కార్లు లెక్కపెట్టు. లూప్ లెక్క నేనే స్వయంగా తీస్తాను. అదయ్యేదాకా నువ్వు ఆ బండి ఎక్కకూడదు, ఆ అమ్మాయితో మాట్లాడకూడదు, కళ్ళతో కూడా సైగ చెయ్యకూడదు. చేశావో, ఆ బండి సంగతి మర్చిపో."

ఆ సాయంత్రం డ్రైవరమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళ నాన్నగారు వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఆమె టోపీ తీసి బల్ల మీద పడేసింది.

"నాన్నా, మా బండి తీసేస్తున్నారు. ఎవరూ ఎక్కట్లేదని."

"అదేంటి! ఎక్కనిది మేం కావాలని కదా..." అని నాలుక కరుచుకున్నారు ఆయన. కూతురు ఎదురుగా వచ్చి నిలబడింది. ఇక దాచి లాభం లేదు. నేల చూపులు చూస్తూ అంతా చెప్పేశారు.

"నీకు మోకాళ్ళు లేవు, బుద్ధి కూడా లేదా నాన్నా?"

"నువ్వు అద్దంలో చూసుకుని నవ్వుకుంటున్నావట. ఆ షాపు ఆవిడ చెప్పింది. నువ్వలా నవ్వి ఎన్నాళ్ళైంది? గుట్టేం లెక్క, దానికోసం కొండైనా ఎక్కేవాణ్ణి."

ఆమె ఆయన పక్కన నేల మీద కూర్చుని, తువ్వాలుతో ఆయన కాళ్ళు తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

"అతను లెక్క కోసం వచ్చాడు నాన్నా. నా కోసం కాదు."

"అతనన్నాడా ఆ మాట?"

"అనలేదు. ఏ మాటా అనలేదు. అదే కదా."

మర్నాటి నుంచి బండిలోకి మనుషులు తిరిగొచ్చారు. మందుల షాపాయనా, లైబ్రరీ జంటా, సంచులూ, పిల్లలూ. ఎవరి ముఖంలో చూసినా తప్పు చేసిన కళ. కుట్టు షాపు ఆంటీ నోటికి తాళం వేసుకుని కూర్చుంది. అంత కష్టం ఆవిడ జన్మలో ఎప్పుడూ పడలేదు. స్టేషన్ దగ్గర కొత్తగా ఓ పెద్దావిడ గొడుగుతో ఎక్కుతోంది, ఒక చెయ్యి చేతిసంచిలో పెట్టుకుని. డ్రైవరమ్మాయి ఆవిణ్ణి పెద్దగా పట్టించుకోలేదు. ఆమె చూపు స్టేషన్ రాగానే కూడలి వైపు పోయేది.

అక్కడ అతను ఉన్నాడు. వానకోటు వేసుకుని, వచ్చే కార్లనీ పోయే కార్లనీ చూస్తున్నాడు. లూప్ బండి మలుపు తిరగగానే మాత్రం అటు తిరిగి నిలబడుతున్నాడు. ప్రతిసారీ అంతే. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

పని అయిపోయింది, మనిషి మారిపోయాడు అనుకుంది ఆమె. కోపంగా అనుకుందామని చూసింది కానీ కుదరలేదు, దుఃఖమే వచ్చింది. అయినా ప్రతిసారీ చూస్తూనే ఉంది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఓ మధ్యాహ్నం, బండి నిండా జనంతో గుట్ట దిగుతుండగా, గొడుగావిడ లేచి ముందుకొచ్చి డ్రైవర్ సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్, నేను రవాణా ఆఫీసు నుంచి. లెక్క ఇవాళ్టితో పూర్తయింది. నీ బండి ఎక్కడికీ పోదు."

బస్సంతా చప్పట్లు. ముందు సీటులో ఉన్న నాన్నగారు చేతికర్రతో నేల మీద దబదబా కొట్టారు. ఆమెకి గట్టిగా అరవాలనిపించింది. డ్యూటీలో ఉంది కాబట్టి స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది.

"మళ్ళీ ఎందుకు లెక్కపెట్టారు మేడం? మొదటిది ఎందుకు పనికిరాలేదు?"

"లెక్కపెట్టినవాడే వచ్చి పనికిరాదన్నాడు. కారణం అడిగాను. ఈ బండి నడిపే అమ్మాయిని ప్రేమించాను, అందువల్ల చెడింది అన్నాడు. పాతికమంది పని చేసే ఆఫీసులో, నా బల్ల ముందు, నీళ్ళు కారుతూ నిలబడి చెప్పాడు. నా సర్వీసులో ఎన్నో కారణాలు విన్నాను, ఇలాంటిది వినలేదు."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కుట్టు షాపు ఆంటీ మాత్రం ఇన్నాళ్ళకి ఊపిరి పీల్చుకుంది.

"మరి... ఆయన ఇటు చూడనైనా చూడరే?"

"చూస్తే బండి పోతుందని నేనే చెప్పాను."

ఆ మలుపు ఆమె ఎప్పుడూ అంత నెమ్మదిగా తిప్పలేదు. కూడలి దగ్గర అతను యథాప్రకారం అటు తిరిగి నిలబడ్డాడు. సరిగ్గా అతని వీపు వెనక బండి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"ఏవండీ."

అతను కదల్లేదు.

"ఏవండీ, మిమ్మల్నే!"

"నాకు పర్మిషన్ లేదండీ," అన్నాడు అటు తిరిగే.

"ఇచ్చాను!" అని లోపలి నుంచి మేడం కేక వేసింది.

అప్పుడు తిరిగాడు. వానకోటు టోపీ లోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి. ముందు మేడాన్ని చూశాడు, తర్వాత నిండుగా ఉన్న బస్సుని, తర్వాత ఆమెని. ఆమె అడగాల్సింది ఒకటే ఉంది.

"మీరు ఆఫీసులో చెప్పిన కారణం నిజమా? నా బండిని కాపాడటానికి కల్పించి చెప్పారా?"

"కల్పించేవాణ్ణైతే మీట నాలుగు నొక్కులు ఎక్కువ నొక్కేవాణ్ణండీ. అందరి ముందూ పరువు తీసుకునేవాణ్ణి కాదు."

"అంటే?"

అతను వానకోటు టోపీ వెనక్కి తోసుకున్నాడు. ఈసారి మాత్రం ఆగలేదు.

"అంటే, మీరంటే నాకు ఇష్టం. మొదటి రోజు సాయంత్రానికే లెక్క తప్పాను, మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. అద్దంలో మీ కళ్ళు కనిపించకపోతే నాకు ఆ రౌండు తిరిగినట్టే ఉండేది కాదు. ఆ రోజు మీరు 'తర్వాత?' అని అడిగితే చెప్పలేకపోయాను. తర్వాతంతా మీరేనండీ."

బయట వెనక ఆగిపోయిన కార్లు హారన్లు మోగిస్తున్నాయి.

"ఈ మాట నాకన్నా ముందు మీ ఆఫీసంతా వింది," అంది ఆమె. కోపంగానే అంది. కళ్ళు మాత్రం మాట వినకుండా నవ్వేస్తున్నాయి.

"తప్పేనండీ."

"నేనేమో రోజూ ఆ వీపు చూసి ఏడ్చాను."

"దానికి ఏం చెయ్యమంటారు?"

"ఎక్కమంటాను. తలుపులో నిలబడి మాట్లాడకూడదు."

అతను ఎక్కాడు. తలుపు ఇంకా మూసుకోలేదు. కుట్టు షాపు ఆంటీ మందుల షాపాయన్ని మోచేత్తో పొడిచింది. ఆయన చప్పున లేచి సంచి భుజాన వేసుకున్నాడు. లైబ్రరీ జంట లేచింది. తల్లులు పిల్లల చేతులు పట్టుకుని లేచారు. నాన్నగారు చేతికర్ర ఊతంగా లేవబోతున్నారు. ఆఖరికి మేడం కూడా గొడుగు తీసుకుంది.

"మేమిక్కడ దిగి నడుస్తాం అమ్మాయ్," అంది ఆంటీ. "నడక మంచిదేగా."

డ్రైవరమ్మాయి మీట నొక్కింది. తలుపులు టప్పున మూసుకున్నాయి.

"ఒక్కరు దిగితే చూడండి! కూర్చోండి అందరూ!"

అందరూ కూర్చున్నారు. అబ్బాయి అలవాటు ప్రకారం చివరి సీటు వైపు నడవబోయాడు.

"మీరెక్కడికి? ముందు కూర్చోండి. మా నాన్న పక్కన."

నాన్నగారు అతణ్ణి ఓసారి నిదానంగా పరీక్షగా చూసి, చేతికర్ర ఇటు నుంచి అటు మార్చుకుని, జరిగి చోటిచ్చారు. లూప్ బండి మనుషులందరితో గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది.